తిరిగొచ్చిన ఏడు పలకలు

విరున్, సొలో దగ్గర
ఫిబ్రవరి 9

అమ్మాయ్ వారస్తీ,

కుశల ప్రశ్నలు తర్వాత. ముందు ఇది చదువు.

నిన్న పొద్దున్న వొనొగిరి వాద్యబృందం పెద్దాయన మార్తోసుదీరో గారు మన వాకిట్లో వ్యాను దిగారు. చేతిలో లుంగీలో చుట్టిన మూట. అరుగు మీద పెట్టి విప్పారు. మనం పండక్కి చేసిచ్చిన వాద్యాల్లోని పెకింగ్ పలకలు ఏడూ ఉన్నాయి అందులో. అన్నిటికన్నా సన్నగా పలికే ఆ చిన్న కంచు పలకలు, నువ్వు రంజాన్ సెలవుల్లో వచ్చి పది రోజులు కూర్చుని శ్రుతి చేసినవే. నాకు వినబడదని తెలుసు కాబట్టి ఆయన నా మొహంలో మొహం పెట్టి నిదానంగా పెదవులు కదిపారు. "సరోయో, వేలాడదీసిన ఆ పెద్ద కంచు గోంగ్ బంగారంలా ఉంది. ఈ ఏడింట్లో నాలుగు ఏడుస్తున్నాయి. తోలుబొమ్మలాట మధ్యలో జనం తలలు తిప్పి చూశారయ్యా" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. మా తాత కాలం నుంచీ మన కొలిమి దాటిన కంచు వెనక్కి రాలేదు. మీ నాన్న ఉన్నన్నాళ్ళూ మన శ్రుతికి వంక పెట్టినవాడు లేడు. వాడు పోయాక ఈ ఇంటికి చెవి నువ్వే. నేను సుత్తి పట్టేవాణ్ణి, నాకు వినబడదు, నీ మాట నమ్మి పంపించాను. ఏం చేశావు వాటిని?

ఇంకోటి. ఎదురింటి పార్నో సరుకు దింపడానికి జకార్తా వచ్చి నిన్ను చూశాట్ట. హోటల్లో గదుల తాళాలిచ్చే ఉద్యోగం అన్నావు కదా నాతో? వాడు చెప్పింది అది కాదు. నేను కాగితం మీద పెట్టను, నువ్వే పెట్టు.

ఏప్రిల్‌కి క్లాతెన్ బడివాళ్ళ వాద్యాలు కొలిమి దిగుతాయి. ఎవరు శ్రుతి చేస్తారు? జవాబు రాయి.

సరోయో

మంగ్గా బెసార్, జకార్తా
ఫిబ్రవరి 20

పెదనాన్న గారికి, మీ మోకాళ్ళ మీద నుదురు ఆనించి వారస్తి రాసేది.

మార్తోసుదీరో గారికి ఎనభై నిండాయి. ఆయన చెవి బాగుందని ఎవరు చెప్పారు? పండగ రోజుల్లో వాన ఆగలేదు, ఆకురాయి అరిగిపోయి ఉంది, పైగా ఈసారి మీ కంచులో తగరం ఎక్కువైంది. తొందరలో ఒకటో రెండో పలకలు అటూ ఇటూ అయి ఉంటాయి. దానికే ఇంటి పరువు పోయినట్టు రాశారు.

పార్నో చెప్పింది నిజమే. హోటల్ కాదు, నైట్ క్లబ్బు. పానీయాలు అందిస్తాను. తప్పు పని కాదు, ఒంటి నిండా బట్ట ఉంటుంది, మీరు ఏవేవో ఊహించుకోకండి. చెప్తే మీరు కొలిమి ఆర్పేసి బస్సెక్కి వస్తారని అబద్ధం చెప్పాను.

నిజం అడిగారు కాబట్టి మొత్తం చెప్తాను. నాకు అక్కడ బాగుంటుంది. చిన్నప్పుడు మా ఈడు పిల్లలంతా టపాకాయలు కాలుస్తుంటే నన్ను లోపల కూర్చోబెట్టి తలుపేశారు. పెళ్ళిళ్ళలో మైకు పక్కన నిలబడనివ్వలేదు. ఊళ్ళోకి పాటకచేరీ వస్తే చెరుకు తోట అవతల నుంచి వినమన్నారు. "దాని చెవి, దాని చెవి" అని ఇంటిల్లిపాదీ నా చెవులకే పెళ్ళి చేసేట్టు కాపలా కాశారు. ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా నేను గట్టి చప్పుడు వినలేదు పెదనాన్నా! క్లబ్బులో మొదటి రోజు ఆ డప్పు కడుపులో మోగితే ఏడుపొచ్చింది, సంతోషంతో. స్పీకరు పక్కన ఉన్న బల్లలే కావాలని అడిగి మరీ తీసుకున్నాను.

ఏప్రిల్‌కి వస్తాను. కొత్త ఆకురాయి కొని ఉంచండి.

వారస్తి

విరున్
మార్చి 1

వారస్తీ,

అరికాలి మంట నెత్తికెక్కింది. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, మూడుసార్లూ పక్కన పెట్టి కొలిమి దగ్గరికి పోయి సుత్తి పట్టుకున్నాను. లేకపోతే ఏం రాసేవాణ్ణో!

తగరం ఎక్కువైందా? నాకు పాఠం చెప్తున్నావా? తగరం ఎక్కువైతే పెద్ద గోంగ్ పగిలేది, చిన్న పలక శ్రుతి తప్పదు. మార్తోసుదీరో గారి మీద, వాన మీద, ఆకురాయి మీద పెట్టావు. నీ మీద తప్ప అందరి మీదా పెట్టావు.

కాపలా కాశామని ఎత్తిపొడుస్తున్నావు. కాశాం. ఎందుకు కాయం? పొద్దున్నే సుత్తి మొదలవకముందే నిన్ను భుజాన వేసుకుని రెండు పొలాలు దాటి మీ అమ్మమ్మ ఇంట్లో దింపి వచ్చేది ఎవరు? నేను. ఎండైనా వానైనా. మన ఇళ్ళల్లో శ్రుతి చేసే మనిషి కొలిమి గడప తొక్కకూడదని ఎవరో సరదాకి పెట్టలేదు. నలుగురం ఒకేసారి కొడితే ఆ కంచు మోత చెవుల్ని తినేస్తుంది. మాకు తెలుసు, తిన్నది మా చెవుల్నే కాబట్టి. నా చెవులు పోయాయి, మీ నాన్న కాక తక్కిన తమ్ముళ్ళిద్దరివీ పోయాయి. మా చెవులు పోగొట్టుకుని నీ చెవులు దాచాం. దాచిన దాన్ని తీసుకెళ్ళి స్పీకరు ముందు కూర్చోబెట్టి, బాగుందని రాస్తావా? సిగ్గు లేదూ?

అడిగిన దానికి తిన్నగా చెప్పు. చెవుల్లో ఏమైనా పెట్టుకుంటున్నావా? కనీసం దూదైనా పెట్టుకో. చప్పుడు లేని చోట కూర్చున్నప్పుడు చెవిలో ఏదైనా మోగుతోందా? నాకు మొదట మోగింది. ఆ తర్వాతే మనుషులు దూరమయ్యారు. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు రాయి, తక్కిన తిట్లు ఆపేస్తాను.

సరోయో

మంగ్గా బెసార్, జకార్తా
మార్చి 17

పెదనాన్నా,

మోగుతోంది.

ఏడాదైంది. ఇలకోడి ఒకటి కుడిచెవిలో కూర్చుని ఆపకుండా అరుస్తున్నట్టు. పగలు ఊరి గోలలో తెలియదు. గదిలోకి వచ్చి తలుపేసుకుంటే మొదలు. ఫ్యాను చప్పుడు పెట్టుకుని పడుకుంటాను. పండక్కి వచ్చినప్పుడు పెద్ద గోంగ్‌లు, మధ్య పలకలు హాయిగా శ్రుతి చేశాను. పెకింగ్ దగ్గరికి వచ్చేసరికి ఆ సన్నటి స్వరం, నా చెవిలో ఇలకోడీ కలిసిపోయాయి. ఏది పలకదో ఏది నాదో తెలియలేదు. చెయ్యి అలవాటు మీద రాపాడేసి, అంతా బాగుందని మీ కళ్ళలోకి చూసి అబద్ధమాడాను. తగరం సంగతి కూడా అబద్ధమే. క్షమించమని ఇప్పుడే అడగను, ఎందుకంటే నాకే నా మీద ఒళ్ళు మండుతోంది.

మీ ఉత్తరం చూశాక చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్న గదిలో కూర్చోబెట్టి, వినబడినప్పుడల్లా మీట నొక్కమంది. కాగితం మీద గీత చక్కగా పోయి పోయి, సన్నటి స్వరాల దగ్గర గోతిలో పడినట్టు కిందికి దిగింది. "ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నావు?" అంది. రెండేళ్ళన్నాను. "రోజుకి?" ఆరు గంటలు, స్పీకరు పక్కన. ఆవిడ కలం కింద పెట్టింది. "అంత మోతని చెవి పావుగంట తట్టుకుంటుంది. నువ్వు ఆరు గంటలు నిలబడ్డావు, అదీ అడిగి మరీ!" పోయింది తిరిగి రాదట. మందు లేదు, ఆపరేషన్ లేదు. ఉన్నదాన్ని కాపాడుకోవచ్చట. దూది వల్ల దమ్మిడీ ఉపయోగం లేదట, మీరూ తెలుసుకోండి. స్పాంజి బిరడాలు ఇచ్చింది. స్పీకరుకి దూరంగా ఉండమంది, గంటకోసారి బయటికి పోయి పది నిమిషాలు చెవికి విశ్రాంతి ఇమ్మంది.

ఇప్పుడు అసలు కథ వినండి. సాయంత్రం నాలుగింటికి మా మేనేజరు బొనీ మమ్మల్ని పదకొండు మందినీ వరసలో నిలబెట్టి గోళ్ళు, బూట్లు చూస్తాడు. నా చెవిలో బిరడా చూశాడు. తియ్యమన్నాడు. డాక్టరు చీటీ చూపించాను. "అతిథి నీ చెవి దగ్గరికొచ్చి అడుగుతాడు. నువ్వు బిరడా పెట్టుకుంటే ఆయన మొహాన తలుపేసినట్టు కాదూ?" అని, రెండూ తన చేత్తోనే పీకి బూడిదపళ్ళెంలో పడేశాడు. అందరి ముందూ! నా చెవిలో వాడి వేళ్ళు!

ఇంతకీ మోత పుట్టించే డీజే రెనాల్ ఉన్నాడే, వాడి చెవుల్లో ఏముంటాయో తెలుసా? వాడి చెవి కొలతకి పోతపోయించిన బిరడాలు. నల్లవి, మెరుస్తూ, వాటికో చిన్న తోలు సంచి. వంటవాడు తన వంట తినకుండా పక్కవీధి నుంచి క్యారేజీ తెప్పించుకున్నట్టు లేదూ? వాడు కాపాడుకోవచ్చు. మేం మాత్రం ఆరు గంటలు బోసి చెవులతో నిలబడి, పైగా నవ్వాలి.

వారస్తి

విరున్
మార్చి 29

వారస్తీ, తల్లీ,

మొదటి మాట చదివి అరుగు మీదే కూర్చుండిపోయాను. తిట్లు ఆపేస్తానన్నాను కాబట్టి ఆపేశాను. నీ మీద ఆపాను. ఆ బొనీ గాడి మీద కాదు.

ఆడపిల్ల చెవిలో చెయ్యి పెట్టి పీకుతాడా? వాణ్ణి మన కొలిమికి పంపు. ఒక్క పూట, తెల్లారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా, నలుగురి సమ్మెటల మధ్య కూర్చోబెడతాను. దూది కూడా ఇవ్వను. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే పలుకుతాడేమో చూద్దాం! నీ పెద్దమ్మ నేను బస్సెక్కుతానని భయపడి నా చెప్పులు దాచేసింది. నీ ఉత్తరం తనకి చదివి వినిపించాను. విని కళ్ళు తుడుచుకుని, ఏదో గట్టిగా అంది. నేను కాగితం మీంచి తలెత్తేసరికి చివరి మాటే పెదవుల మీద ఉంది, ఏమందో తెలియలేదు.

మనవాళ్ళకి చదువు లేకపోయినా ఆ బొనీ కన్నా బుద్ధి ఉంది. మోత చెవిని తింటుందని తెలుసు, తెలుసు కాబట్టే ఒక చెవిని పక్కకి తీసి దాచుకుంటాం. వాడికి ఆ పాటి ఇంగితం లేదు.

ఇంట్లో ఒక శుభవార్త. మా వాడు, నీ అన్న గియార్నో మొన్న కొలిమి దగ్గర పిలిస్తే పలకలేదు. రెండోసారీ మూడోసారీ కూడా. సమ్మెట వాళ్ళు ఘొల్లున నవ్వి వాడి వీపు చరిచారు. ఆ పూట మొదటి గ్లాసు టీ వాడికే పోశాం. మన పద్ధతి నీకు తెలుసుగా, పిలుపు వినబడని నాడే కంచరివాడు పూర్తి పనివాడైనట్టు. నాకు మా నాన్న పోశాడు, వాడికి నేను పోశాను. సమ్మెట పట్టిన ఆరో ఏటే, ఇరవై ఆరేళ్ళకే పెద్ద పనివాడయ్యాడు, నా కన్నా రెండేళ్ళు ముందే. చాలా సంబరపడ్డాం.

క్లాతెన్ వాద్యాలు ఏప్రిల్ ఆఖరుకి సిద్ధం. నువ్వు ఆ ఉద్యోగం వదిలెయ్యి. మిగిలిన చెవితోనే రా. పెద్దవి నువ్వు చెయ్యి, చిన్నవాటి సంగతి ఆలోచిద్దాం.

సరోయో

మంగ్గా బెసార్, జకార్తా
ఏప్రిల్ 11

పెదనాన్నా,

ఉద్యోగం నేను వదలక్కర్లేకపోయింది, వాళ్ళే పీకేశారు. ఎలాగో చెప్తాను.

శుక్రవారం నాలుగింటికి వరసలో నిలబడ్డాం. పదకొండు మందిమీ, ఇరవై రెండు చెవుల్లోనూ నారింజ రంగు బిరడాలు. నాతో గదిలో ఉండే ఇతా అందరికీ పంచింది. దానికీ ఎడమచెవిలో మోగుతోందట, ఎనిమిది నెలలుగా ఎవరికీ చెప్పలేదు. అడిగితే ఆరుగురికి మోగుతోంది. ఆరుగురికి! ఎవరికి వాళ్ళం మనకే ఏదో రోగమనుకుని నోరు మూసుకున్నాం.

బొనీ చూసి, "ఏమిటే ఈ వేషాలు? చెవుల్లో బంతిపూలు పెట్టుకొచ్చారు, ఎవరి పెళ్ళి?" అన్నాడు.

"డీజే పెట్టుకుంటే దర్జా, మేం పెట్టుకుంటే వేషమా?" అంది ఇతా.

"అతనివి కళాకారుడి చెవులు. అతనికి అవి కావాలి."

"మాకు అక్కర్లేదా? మేం ఇంటికెళ్ళి పిల్లల మాట వినక్కర్లేదా?" అని వెనక నుంచి ఇంకెవరో అన్నారు.

నేను అన్నాను, "నావీ అలాంటి చెవులే సార్. మా ఊళ్ళో గోంగ్‌లు శ్రుతి చేస్తాను. నాలుగు పలకలు వినబడక తప్పు చేశాను. ఆ నాలుగూ మీ స్పీకరు తినేసింది."

"అయితే మీ ఊరే పో" అన్నాడు. నన్ను పంపేశాడు. తక్కిన పదిమందినీ పంపలేకపోయాడు, మర్నాడు శనివారం, జనం విరగబడే రోజు కదా. చర్మం రంగు బిరడాలైతే పెట్టుకోవచ్చన్నాడు. అతిథులకి కనబడకూడదట. కాపాడుకోవడం కూడా దొంగతనంలా చెయ్యాలి!

గదికి పోయే బస్సులో కూర్చున్నాక వాడన్న మాటే నా బుర్రలో తిరిగింది. అతనివి కళాకారుడి చెవులు, అతనికి అవి కావాలి. ఎక్కడో విన్న మాట. ఎక్కడో కాదు, మన ఇంట్లోనే. నా చెవులు కావాలి కాబట్టి నన్ను పొలాలు దాటించారు. గియార్నో అన్నయ్యవి అక్కర్లేదు కాబట్టి సమ్మెట చేతికిచ్చారు. పైగా చెవులు పోతే వీపు చరిచి టీ పోశారా? మీ ఉత్తరంలో ఆ టీ గ్లాసు మాట కింద గీత గీసి పెట్టాను. శుభవార్త అని రాశారు పెదనాన్నా! కన్నకొడుక్కి చెవుడు వస్తే శుభవార్తా? మీరు బొనీని తిట్టారు, బాగుంది. వాడు రెండేళ్ళు పదకొండు మంది చెవులు తిన్నాడు. మన కొలిమి మూడు తరాలుగా తింటోంది. వాడికి తెలియదు, మీకు తెలుసు. తెలిసీ ఊరుకున్నవాళ్ళని ఏమనాలి?

పెద్దవాళ్ళతో ఇలా మాట్లాడకూడదని తెలుసు. మాట్లాడాను.

దీనితో ఒక పెట్టె పంపుతున్నాను. స్పాంజి బిరడాలు, చెవుల మీద తొడుక్కునే గట్టి డిప్పలు నాలుగు జతలు. ముందు చేతులు కడుక్కోండి. బిరడాని వేళ్ళ మధ్య సన్నగా నలపండి. రెండో చెయ్యి తల వెనక నుంచి తెచ్చి చెవి కొస పైకి లాగండి, లోపలికి తొయ్యండి, ఉబ్బేదాకా వేలితో ఒక నిమిషం ఆపండి. సగం బయటికి వేలాడితే పెట్టుకోనట్టే. దాని మీద డిప్పలు. కొలిమిలో ఉన్న ప్రతి మనిషికీ, అన్నయ్యకి ముందు.

అది చేశామని మీ చేతిరాతతో వచ్చేదాకా నేను ఆకురాయి ముట్టను. క్లాతెన్ వాళ్ళు ఏమనుకున్నా సరే.

వారస్తి

విరున్
మే 6

వారస్తీ,

నీ పెట్టె వచ్చిన రోజే అటక మీద పడేశాను. నా ఇంట్లో, నా కొలిమిలో, నేను ఎత్తుకుని పెంచిన పిల్ల నన్ను ఒక సారాకొట్టు మేనేజరుతో కలిపి కట్టింది. మూడు వారాలు నీకు రాయలేదు. కోపం వల్లే రాయలేదు, వేరే కారణం లేదు.

ఆ మూడు వారాల్లో ఒకనాడు మధ్యాహ్నం గియార్నో వాకిట్లో అన్నం తింటున్నాడు. నాకేం బుద్ధి పుట్టిందో, మార్తోసుదీరో గారు తిరిగిచ్చిన పలకల్లో ఒకటి తీసుకుని వాడి వెనక నిలబడి కర్రతో మెల్లగా కొట్టాను. నాకు వినబడదు, చేతికి వణుకు తగిలింది అంతే. వాడు తల తిప్పలేదు. ఇంకోసారి, కాస్త గట్టిగా. వాడు సోయా టెంపే ముక్క నములుతూనే ఉన్నాడు. ఏడూ కొట్టాను. నా కొడుకు వీపు చూస్తూ ఏడూ కొట్టాను. పనివాడయ్యాడని నేను సంబరపడింది దీనికా?

ఈలోగా నీ పెద్దమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా ఊడిపడింది. రోజూ సుత్తి వేళకి తను మూలికల కషాయం అమ్ముకోవడానికి సంతకి పోతుంది కదా, తన చెవులకి ఏమీ కాలేదు. ముప్పై ఏళ్ళ పాటు మీ నాన్న శ్రుతి చేస్తుంటే కూర తరుగుతూ విన్న మనిషి. నా ఎదురుగా నిలబడి, నాకు అర్థమయ్యేట్టు ఒక్కో మాటా విడదీసి అరిచింది. "ఈ నాలుగూ బాగా లేవని పండగనాడే చెప్పాను. మీకు చెప్పాను, దానికి చెప్పాను. ఉత్తరం వచ్చిన రోజు మళ్ళీ చెప్పాను. ఈ ఇంట్లో ఎవరికి వినబడుతుంది నా మాట?"

అటక ఎక్కాను.

సోమవారం నుంచి కొలిమిలో నలుగురికీ బిరడాలు, డిప్పలు. నవ్వారు. కప్పల్లా ఉన్నామని ఒకడు, చలి దేశం వెళ్తున్నామా అని ఒకడు. పెట్టుకోనివాడు సమ్మెట ముట్టనక్కర్లేదన్నాను. టీ పోసే ఆచారం ఎత్తేశాను. నా తమ్ముళ్ళకి కోపం వచ్చింది, రానీ. ఇది నా చేతిరాతే, చూసుకో.

నీ మీద కోపం పోయిందనుకోకు. నీ చెవుల్లో ఆ ఇలకోడిని పెట్టుకొచ్చినందుకు నేను చచ్చేదాకా తిడతాను. నువ్వు అన్న మాటలకి కూడా. కానీ బస్సెక్కు. పెద్దవి నువ్వు శ్రుతి చేస్తావు. చిన్నవి నీ పెద్దమ్మ వింటుంది, తను చెప్పినట్టు నువ్వు రాపాడతావు. ఒప్పుకుంది, అయితే గుమ్మంలో కాదు, చాప మీద నీ పక్కన కూర్చుంటానంది.

గియార్నోకి మొదటిసారి బిరడాలు నేనే పెట్టాను. నువ్వు రాసినట్టే చెవి కొస పైకి లాగి, లోపలికి తోసి, వేలితో ఆపాను. "ఇంకా ఎంతసేపు నాన్నా?" అన్నాడు, పెదవులు చూసి తెలుసుకున్నాను. ఆరేళ్ళు ఆలస్యమైంది, ఇంకో నిమిషం ఓర్చుకో అన్నాను. వాడు మళ్ళీ అదే అడిగాడు. నా మాట వాడికి వినబడలేదు. అది బిరడా వల్లో, నా వల్లో నాకు తెలియలేదు.

మీ పెదనాన్న
సరోయో